ఎల్డన్ మోసిన పెట్టె

కాదు తల్లీ, వాడి పెళ్ళాం పోయిన దగ్గర్నించి కాదు. పెట్టె దగ్గర్నించి మొదలుపెట్టు. మెల్లగానే చెప్తాలే, రాసుకో.

మా వెర్న్ ఆ చెక్కపెట్టెని ఎల్డన్ వసారాలో ధన్‌మని దింపాడు. మూత చుట్టూ మేకులే మేకులు.

"ఏంట్రా ఇది?"

"గేర్‌బాక్స్. పుయెబ్లోలో వర్జిల్ అని, మన సైటువాడే. వాడి బండిలోదానికి పళ్ళు రాలిపోయాయి. ఇది ఒహాయో నుంచి చేతులు మారుతూ వస్తోంది. ఇక్కణ్ణుంచి ఓక్లీ దాకా నీ వంతు. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి నెట్టీ అక్కడ అందుకుంటుంది."

"నా వంతేంటి? ఎవణ్ణడిగి వేశారు?"

"ఈ మధ్యలో పాత బండున్నోడివి నువ్వొక్కడివే మరి."

"అయితే పికప్పులో పడేసుకు పోతా."

"పోతావ్! రూలు మర్చిపోయావా? మూత మాత్రం తియ్యకు, మళ్ళీ కట్టలేక చస్తావు."

సైటంటే నీకు తెలుసుగా తల్లీ, ఇంటర్నెట్లో మా పాత ఫోర్డు కార్ల పిచ్చోళ్ళది. టాపు కోసి, ఇంజను మార్చి, మా చిన్నప్పుడు కుర్రాళ్ళు ఎలా పరిగెత్తించేవాళ్ళో అలాగే తిప్పుతాం. అరవై నాలుగో సంవత్సరం తర్వాత పుట్టిన సామాను ఒక్కటి కనబడిందా, అందరూ మీదపడి ఏకేస్తారు. చేతుల మీదుగా పోయే సరుకు కూడా ఆ బండ్లలోనే పోవాలి.

ఎల్డన్‌కి ముప్పై ఒకటో సంవత్సరం నాటి కూపే కారుంది. రెండే సీట్లు. పెళ్ళాం రోవెనా చనిపోయిన నెల్లోనే దాన్ని దిమ్మలెక్కించి దుప్పటి కప్పేశాడు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని తోలడం నా వల్ల కాదన్నాడు. మూడేళ్ళు ఇల్లు కదల్లేదు. సరుకులు కూడా పక్కింటి ఐలీనే తెచ్చి పడేసేది. సైటులో పొద్దస్తమానం పోట్లాడేవాడు కాస్తా అదీ మానేశాడు.

ఆ సాయంత్రం సైటులో మళ్ళీ రాశాడు. "నా బండి కదలదు. ఇంకోణ్ణి చూసుకోండి."

నిమిషంలో ఎవడో కుర్రాడి జవాబు. "ఎందుక్కదలదు బాబాయ్? స్పార్కు వస్తోందా?"

వెళ్ళి చూడకుండా ఉండలేకపోయాడు. "స్పార్కుంది. పెట్రోలే రావట్లేదు."

"పంపు లోపల రబ్బరు పొర ఎండిపోయుంటుంది."

"నాకు నేర్పుతున్నావా? నువ్వు పుట్టకముందే అలాంటివి వంద మార్చాను!"

"అయితే నూటొకటోది మార్చు మరి."

ఎల్డన్‌కి ఒళ్ళు మండింది. అయినా అయోవా నుంచి ఎవడో పంపిన కొత్త పొర బుధవారం అందేసరికి పంపు విప్పి బల్ల మీద పరిచి కూర్చున్నాడు. గురువారం బ్రేకులు. ఆ రెండ్రోజులూ సైటులో కనీసం నలుగురితో తగువు పెట్టుకున్నాడు. శుక్రవారం ఇంజను ఒక్క దగ్గు దగ్గి, నల్లగా పొగ కక్కి, అందుకుంది.

ఐలీన్ పరిగెత్తుకొచ్చింది. "ఎల్డన్! ఇల్లంటుకుందా?"

"లేదమ్మా, ఇంజనంటుకుంది."

శనివారం పొద్దున్నే ఆవిడో పక్కా తనో పక్కా పట్టుకుని పెట్టె ఎత్తారు. వెనక డిక్కీలో దూరలేదు. ఇక పక్క సీటే దిక్కు. అందులో పెట్టి తాడేసి కట్టాడు. స్ప్రింగు కుంగి బండి రెండు వైపులా సమంగా నిలబడింది. రోవెనా ఎక్కితే అలాగే నిలబడేది. ఎల్డన్ తలుపు తీసి, ఎక్కకుండానే మళ్ళీ మూసేశాడు.

"వెళ్తావా, లోపలికొచ్చి కాఫీ తాగుతావా?" అంది ఐలీన్.

"అవతల వర్జిల్ ఎదురుచూస్తున్నాడు కదా," అని ఎక్కాడు.

నూరు మైళ్ళ పైన దారి. ఎదురుగాలి. సగం దారిలో ఆగి, నూనె కారి సీటు పాడవుతుందేమోనని పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. నూనె కారని పాత గేర్‌బాక్స్ ఈ భూమ్మీద లేదు తల్లీ. "ఎవడు కట్టాడో గానీ భలే కట్టాడు," అనుకుని మళ్ళీ బయల్దేరాడు.

పన్నెండుకి పది నిమిషాలుండగా ఓక్లీ హోటలు ముందు ఆపాడు. ఎనిమిది పాత బండ్లు వరసగా నిలబడున్నాయి. నెట్టీ నడుం మీద చేతులేసుకుని ఎదురొచ్చింది.

"ఆలస్యం చేశావ్ బాబాయ్."

"కళ్ళు కనబడట్లేదా? పది నిమిషాలు ముందే వచ్చాను."

"నేననేది మూడేళ్ళు."

పెట్టె నెట్టీ బండెక్కింది. ఎల్డన్ ఆ హోటలు వాళ్ళు చెర్రీపళ్ళు పెట్టి కాల్చే తీపి ‘పై’ రెండు ముక్కలు తిని, కార్బరేటర్ల మీద ముగ్గురితో వాదనేసుకుని, సాయంత్రానికి తిరుగుముఖం పట్టాడు. పక్క సీటు ఖాళీగా ఉందన్న సంగతి సగం దారి దాటాక గానీ గమనించలేదు.

వారం తిరక్కుండా వర్జిల్ రాశాడు, బ్రహ్మాండంగా ఉంది బాబాయ్ అని. అప్పట్నుంచి ప్రతి శనివారం ఎల్డన్ ఓక్లీలోనే. కొత్తగా ఎవరొచ్చినా సరే, నేను లేకపోతే వర్జిల్ బండి ఇవాళ్టికీ షెడ్డులోనే ఉండేదని మొదలెడతాడు. రెండేళ్ళుగా అందరం బుద్ధిగా తలూపుతున్నాం.

ఈ శనివారం నా తుంటి నన్ను కదలనివ్వదు గనక నువ్వెళ్ళి ఇది ఎల్డన్‌కి చదివి వినిపించు. చెర్రీ ‘పై’ రెండో ముక్క తినేశాక చదువు, ముందు కాదు. తప్పంతా నాదేనని చెప్పు, నూనె పొయ్యాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఇక చివరి మాట రాసుకో.

ఆ పెట్టెలో ఉన్నవి నేను పేర్చిన ఇటుకలు.