ఓటరు కానివాడు

స్తంభాన్ని తాళంచెవితో గీకుతూ దొరికిపోయాడు ఆ మనిషి.

కొత్త వాటర్ ట్యాంకు కింద, ఆదివారం పొద్దున్న పది గంటలకి, అందరూ చూస్తుండగానే.

ఆటో డ్రైవరు వెళ్లి కాలరు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"గీకితే ఇసుక రాలుతోంది, చూడండి. ఇందులో సిమెంటెక్కడుంది? ఈ ట్యాంకు నింపనివ్వకండి."

ఆ చివరి మాటతో చుట్టూ చేరినవాళ్ల మొహాలు మారిపోయాయి.

"అదీ సంగతి. పక్క వార్డు నుంచి ఊడిపడ్డావన్నమాట," అన్నాడు డ్రైవరు.

ఆ నీళ్లు తమవైపు మళ్లించుకోవాలని పక్క వార్డువాళ్లు ఆర్నెల్లుగా తిరుగుతున్నారు. ఆ మాట వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు.

"దర్జీ అక్కని పిలవండి," అన్నారెవరో.

దర్జీ అక్క వార్డు సభకి అధ్యక్షురాలు. మిషను తొక్కే కాళ్లతోనే ఎనిమిదేళ్లు ఆఫీసుల మెట్లు ఎక్కి దిగింది. ఈ వీధులకి కుళాయి రావాలని ఒక అర్జీ. ఏ పనైనా పూర్తయిందని ఒప్పుకునే ముందు జనాన్ని అడగాలని ఇంకో అర్జీ. ఇన్నాళ్లకి రెండూ ఒక్కరోజే కలిసొచ్చాయి. ట్యాంకు పని బాగుందని సభ చేతులెత్తితే చాలు, సాయంత్రానికి నీళ్లు.

మెడలో కొలతల టేపుతోనే వచ్చిందావిడ.

"ఏమయ్యా, నోటిదాకా వచ్చిన నీళ్లు లాగేస్తావా?"

"అమ్మా, రెండు నిమిషాలు పక్కకొస్తే చెబుతాను."

"పక్కకెళ్లి మాట్లాడుకోవడాలు మా దగ్గర లేవు. ఏదున్నా సభలో, అందరి ముందూ."

"సరే. అక్కడే చెబుతాను."

ట్యాంకు పక్కనే ఉన్న బడి హాల్లో సభ. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ముందు వరసలో కౌన్సిలరు, ఆయన పక్కన కాంట్రాక్టరు. మూలన రిజిస్టరుతో మునిసిపల్ గుమాస్తా.

ఆ మనిషి లోపలికి రాగానే కాంట్రాక్టరు సర్దుకు కూర్చున్నాడు. కౌన్సిలరు అతని మోచెయ్యి నొక్కాడు. గుమాస్తా రిజిస్టరులోకి తల దూర్చేశాడు.

దర్జీ అక్క చూసింది. పట్టించుకోలేదు. తీర్మానం చదివి, "అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పొచ్చు," అంది.

ఆ మనిషి లేచాడు.

"నాకుంది."

"ఈ వార్డులో ఓటుందా నీకు?"

"లేదు. కానీ ఈ ట్యాంకు సంగతి నాకు..."

"ఓటు లేనివాడు సభలో నోరు తెరవకూడదు. రూలు."

ఆ రూలు రాయించింది ఆవిడే. రెండేళ్ల కిందట ఇదే కౌన్సిలరు లారీలో బయటి జనాన్ని దింపి, వాళ్ల చేతులు ఎత్తించి తనకి కావలసిన తీర్మానం నెగ్గించుకున్నాడు. మళ్లీ అలా జరగకూడదని పట్టుబట్టి పెట్టించింది.

"మంచి రూలమ్మా. ఎవరైనా పాటించాల్సిందే," అన్నాడు కౌన్సిలరు వినయంగా.

ఎనిమిదేళ్లలో ఆయన ఆవిడ మాటకి తలూపడం అదే మొదటిసారి.

"మూడో స్తంభం బరువు ఆపదమ్మా. పక్కనే బడి ఉంది," అన్నాడు ఆ మనిషి.

"మా బడి గోల నీకెందుకు?" వెనక బెంచీ మీది ముసలావిడ అందుకుంది. "బిందెలు మోసి మోసి నా నడుం పోయింది. నువ్వొచ్చి మోశావా?"

"మోసే రకమేంటి పిన్నీ, మోసం చేసే రకం," అన్నాడు ఆటో డ్రైవరు.

"నేను పక్క వార్డు వాణ్ని కాదు. నేను..."

మిగతాది బెంచీల చప్పుడులో కొట్టుకుపోయింది.

"బయటికి పంపండి," అంది దర్జీ అక్క.

డ్రైవరు రెక్క పట్టుకుని లాగాడు. చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది.

"కుట్టించుకోవాలంటే మా అక్క దగ్గరికే రా. ఓటు లేకపోయినా కుడుతుంది."

హాలంతా నవ్వింది. దర్జీ అక్క కూడా నవ్వింది.

చేతులు లేచాయి. నూట పన్నెండు మంది. ఒక్క చెయ్యి తగ్గలేదు.

ఆవిడ సంతకం పెట్టింది. రిజిస్టరు కౌన్సిలరు చంకలోకి, కౌన్సిలరు జీపులోకి వెళ్లిపోయారు. జీపు మలుపు తిరిగిందో లేదో, ట్యాంకు దగ్గర మోటారు మోత మొదలైంది. సాయంత్రందాకా కూడా ఆగలేదు. జనం బిందెల కోసం ఇళ్లకి పరుగెత్తారు.

గుమాస్తా ఒక్కడే మిగిలాడు, ఇంకుప్యాడు మూత పెట్టుకుంటూ.

"ఏం గుమాస్తాగారూ, పని బాగుందా అని మొదటిసారి మమ్మల్ని అడిగారు. మీ ఆఫీసుకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందా?"

గుమాస్తా నవ్వలేదు.

"ఇంజనీరు సంతకం ఉంటే మిమ్మల్ని అడిగేవాళ్లు కాదమ్మా. ఆయన పెట్టనంటేనే సభ దాకా వస్తుంది. సభ ఒప్పుకుంటే ఇక ఆ సంతకంతో పనిలేదు. అదీ రూలే."

"ఆయన పెట్టలేదా?"

"మూడు నెలలు ఆయన్ని తమ చుట్టూ తిప్పించుకున్నారు. బతిమాలారు, బెదిరించారు. పని బాగాలేదు, పెట్టనన్నాడు. పోయిన వారం సస్పెండు చేశారు."

మోటారు మోత ఆగకుండా వినిపిస్తోంది.

"ఎవరాయన? మేమెప్పుడూ చూడలేదే. ఎక్కడుంటాడో చెప్పండి, ఇప్పుడే వెళ్లి మాట్లాడతాను."

గుమాస్తా సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఇందాక మీరు మాట్లాడనివ్వలేదు కదమ్మా. ఆయనే."