సింగారి తూకం

"పదిహేను వందల గ్రాములకు ఒక్క గ్రాము తగ్గినా మా బిట్టును మళ్లీ కారెక్కిస్తానండీ ఉపేందర్ గారూ. తర్వాత నన్ను మొహమాటపెట్టొద్దు," అన్నాడు జశ్వంత్, గడప దాటకముందే. అతని చంకలో గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. డబ్బాలో బిట్టు. మగ బాల్ పైథాన్.

ఉపేందర్ సరేనన్నాడు. పొద్దున్నే బొగ్గు గనికి పోయి ఫస్టు షిఫ్టు దిగొచ్చినవాడు ఇంకా అన్నం ముట్టలేదు. అప్పటికే గోదావరిఖని బజారంతా తిరిగి చికెన్ షాపు పోశం దగ్గర డిజిటల్ కాంటా తెచ్చాడు. ఏం జోకుతావని పోశం అడిగితే కోడి అని చెప్పాడు. పామని చెబితే ఎవరిస్తారు?

జోకాల్సింది ఉపేందర్ పెంచుకుంటున్న ఆడ పామును, దాని పేరు సింగారి. అదీ బాల్ పైథానే, ఆఫ్రికా జాతి. విషం లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది, అంతే. మూడేళ్లుగా ఈ కంపెనీ క్వార్టర్ ముందు గదిలో, అద్దాల పెట్టెలో ఉంటోంది. అటవీ శాఖ కాగితం పెట్టె మీదే అతికించి ఉంది. సింగారి గుడ్లు పెట్టాలి, వాటిలోంచి పిల్లలు తలలు బయటపెడుతుంటే చూడాలి, ఇదీ ఉపేందర్ కోరిక. చుట్టుపక్కల మగ పాము ఉన్నది ఒక్క జశ్వంత్ దగ్గరే. జ్యోతినగర్‌లో ఉండే ఆ ఇంజనీరుకు బదిలీ అయింది, రేపు పొద్దున్నే ప్రయాణం. సింగారి సిద్ధంగా ఉందని ఇప్పుడు తేలితే బిట్టు రెండు నెలలు ఇక్కడే ఉంటాడు. లేదంటే ఆ ముచ్చట ఇంతటితో సరి.

నిన్న వంటింటి ముల్లు కాంటా మీద పెడితే సింగారి పదమూడు వందల నలభై దగ్గర ఆగింది. ఆ పాత కాంటాను నమ్మనని జశ్వంత్ ఫోన్లో అనడంతో ఉపేందర్‌కు ప్రాణం కొంచెం లేచొచ్చింది.

"బరువు చాలకుండా జతకడితే గుడ్లు పెట్టేటప్పుడు దాని ప్రాణం మీదికొస్తుంది. అందుకే నాకింత పట్టింపు," అన్నాడు జశ్వంత్, చొక్కా చేతులు మడుస్తూ.

కూలర్ ముందు కుర్చీలో ఉపేందర్ తండ్రి లింగమూర్తి కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్లు బాయిలో బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. పెట్టెలోని పామును చూస్తేనే ముఖం తిప్పుకునేవాడు. నిన్న కొడుకు నీరుగారిపోయి కూర్చుంటే మాత్రం, ఎన్ని గ్రాములు తక్కువైందని రెండుసార్లు అడిగాడు. ఇవాళ ఎందుకో ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు.

ఉపేందర్ సింగారిని గిన్నెలో చుట్టబెట్టి కాంటా మీద పెట్టాడు. అంకెలు కాసేపు గంతులేశాయి. అతని గుండె కూడా వాటితోపాటే గంతులేసింది. చివరికి నిలిచిన అంకె పదిహేను వందల మూడు.

"సారూ, సూడున్రి. మూడు గ్రాములు ఎక్కువనే ఉన్నది," అన్నాడు ఉపేందర్. ఆ ముల్లు కాంటాను రేపే పాత సామాన్ల బండికి వేసేస్తానని కూడా అన్నాడు.

జశ్వంత్ గిన్నె బరువు తీసేశారా అని అడిగి, మళ్లీ జోకించాడు. అదే అంకె. అయినా బరువొక్కటే చాలదన్నాడు. మగ పామును నాలుగేళ్లు సాకిన అనుభవం అతనికుంది. ఆడ పాము సంగతులు మాత్రం అన్నీ ఫోన్లో చదివినవే. ఆ మాట ఒప్పుకుంటే ఇంజనీరెలా అవుతాడు? ఆడది సిద్ధమైతే చల్లని మూల వెతుక్కుంటుందని వివరించాడు. సింగారిని పెట్టెలోకి వదలగానే నేరుగా కూలర్ గాలి తగిలే మూలకే పోయింది. మార్చి మొదటి వారానికే రామగుండం ఎండలకు ఇంట్లో మనుషులంతా అక్కడే చేరారు, అది వేరే విషయం.

తర్వాత తిండి మానేస్తుందన్నాడు. ఉపేందర్ వెనక వరండా పంజరంలోంచి ఒక తెల్ల ఎలుకను పట్టుకొచ్చి పట్టకారుతో దాని ముందు ఆడించాడు. ఎలుక వాసన తగిలితే చాలు విరుచుకుపడే సింగారి, ఇప్పుడు నాలుక ఒకసారి బయటపెట్టి తల తిప్పేసుకుంది. ఉపేందర్ ఎలుకను మళ్లీ పంజరంలో వేసొచ్చాడు.

చివరి పరీక్ష కడుపుది. జశ్వంత్ సింగారి నడుము కింద రెండు వేళ్లు పెట్టి మెల్లగా జరిపాడు. జరిపిన చేయి ఆగింది.

"ఇదిగో, ఇక్కడొకటి. దీని వెనకాలే ఇంకొకటి. బాగా పెద్దగానే తగులుతున్నాయండీ. లోపల గుడ్లు తయారవుతున్నాయి."

ఉపేందర్ గబగబా దగ్గరికి జరిగాడు. తనూ వేళ్లు పెట్టి చూసుకున్నాడు. నిజమే, రెండు ఉబ్బులు చేతికి స్పష్టంగా తెలిశాయి. కళ్లలో నీళ్లు తిరిగితే మోచేత్తో తుడుచుకున్నాడు. జశ్వంత్ బిట్టు డబ్బాను అతని చేతుల్లో పెట్టి, ఇంకో గంటలో రెంటినీ కలపమని, గుడ్లు పెట్టిన రోజే ఫొటో పంపమని చెప్పి కారెక్కాడు.

కారు వీధి మలుపు తిరిగిందో లేదో ఉపేందర్ డబ్బాను గుండెలకు హత్తుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "బాపూ, మన సింగారి పాసైంది. అన్నిట్ల పాసైంది."

లింగమూర్తి ముఖం వెలిగిపోయింది. వీధిలోకి తొంగిచూసి, కారు పోయిందని రూఢి చేసుకుని, కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

"గాకపోతే ఎట్ల బిడ్డా? నా బాయి నౌకరి మెడికల్ నాడు రెండు కిలోలు తక్కువున్ననని, జోకే ముంగట మా అవ్వ నాకు డజనున్నర అరటిపండ్లు తినిపిచ్చింది. గందుకే పొద్దుగాల నేను దీనికి రెండు ఎలుకలు ఏసిన."