డెబ్బైలో పంతొమ్మిది

"డెబ్బై రోజుల్లో వచ్చింది పంతొమ్మిది," అంటూ ప్రిన్సిపాల్ తాను స్వయంగా రాసుకున్న హాజరు పట్టీని మాస్టారి వైపు తిప్పాడు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. కొడుకు పేరుకెదురుగా ఎర్ర సిరా గీతలు బారులు తీరి ఉన్నాయి. ఆయన నోరంతా చేదైంది. ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఆయన. సొంత పెళ్ళికి సైతం బడిలో రెండో గంట కొట్టాకే బయలుదేరారని ఇల్లాలు ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

"జ్వరం గిరం ఏమైనా..." అని, అంతలోనే నాలుక కరచుకున్నారు. ఆ మాటను ఆయన తన ఉద్యోగకాలంలో కొన్ని వందల మంది తండ్రుల నోట విన్నారు. విన్న ప్రతిసారీ లోలోపల ఏవగించుకున్నారు. ఈనాడు అది తన నోటనే వచ్చింది.

"జ్వరమైతే కాగితం పెట్టేవాడు కదండీ," అన్నాడు ప్రిన్సిపాల్ నెమ్మదిగా. "ఇంతకన్నా పాడు సంగతి ఇంకోటుంది. హాజరు వేళ మీవాడి బదులు మొదటి బెంచీ అమ్మాయి గొంతు వినిపిస్తోంది. వరండాలో నిలబడి నా చెవులతో విన్నాను."

"ఆ పిల్లను కూడా ఈ రొంపిలోకి దింపాడా?"

"దింపాడు. పోనీ, ఫలితాల్లో వేలెత్తి చూపుదామా అంటే సందు లేదు. కాలేజీ మొత్తానికి మొదటి ర్యాంకు ఆ సెక్షన్‌దే. అదే వచ్చిన చిక్కు. మార్కులు చూపించి నా నోరు కట్టేస్తున్నాడు."

ప్రిన్సిపాల్ హాజరు పట్టీ మూశాడు.

"రేపు కమిటీ కూర్చుంటుంది. పేరు కొట్టేయాలని అందరూ పట్టుబడుతున్నారు. మీ చేత బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి, చివరిసారిగా మీకో మాట చెబుదామని పిలిపించాను. ఈ గంటకు అతను క్లాసులో ఉండి, నెలాఖరు దాకా ఒక్కటీ తప్పకుండా ఉంటే, ఫైలు నా సొరుగు దాటదు. ఈ గంట కూడా తప్పితే నా చేతుల్లో ఏమీ లేదు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

ప్రిన్సిపాల్ కిటికీలోంచి రోడ్డుకు అటు పక్కనున్న కాఫీ కొట్టు చూపించాడు.

ఆ కొట్టులో అడుగు పెడుతూనే మాస్టారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేల చెప్పులకు అతుక్కుంటోంది. తాగి వదిలిన కప్పుల్లో సిగరెట్ పీకలు తేలుతున్నాయి. మూలబల్ల దగ్గర కొడుకు కాళ్ళు చాపుకుని, ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్నాడు. పక్కనే పాఠ్యపుస్తకం. దాని అట్ట మీద కాఫీ కప్పు పెట్టుకున్నాడు. అన్నింటికన్నా ఆ కప్పే మాస్టారికి ఎక్కువ రోత పుట్టించింది.

"నాన్నా, ఎండలో మీరెందుకొచ్చారు?" అన్నాడు కొడుకు, కాళ్ళు ముడుచుకుంటూ.

"నువ్వు ఉండవలసిన గదిలో లేవు కనుక."

"ఓ, ఆయన పిలిపించారన్నమాట. మార్కులు కూడా చూపించారా, గీతలొక్కటే చూపించారా?"

"చూపించకపోయినా చెప్పాడు."

"మరింకేం? నేనున్నా లేకపోయినా వచ్చే మార్కులు వస్తూనే ఉన్నాయి కదా. ఆ గంటలో చెప్పేదంతా పుస్తకంలో ఉన్నదే నాన్నా. అక్షరం తేడా ఉండదు. వినేవాడికి నిద్ర, చెప్పేవాడికి నీరసం. దానికోసం ఒక మనిషి అక్కడికి పోయి పడి ఉండటం దేనికి?"

గల్లా దగ్గర కొట్టు యజమాని ముసిముసిగా నవ్వాడు. "మీ అబ్బాయి తెలివైనవాడు సార్. ఇక్కడ కూర్చునే ర్యాంకులు తెప్పిస్తున్నాడు."

మాస్టారు అతని వైపు చూడనైనా చూడలేదు.

"మార్కులు పరీక్షనాడు వస్తాయి. మనిషి రోజూ రావాలి," అన్నారు. ఆయన గొంతు పెరగలేదు. "నీ బదులు ఆ పిల్ల నోరు విప్పుతోందట. నీకు సిగ్గనిపించలేదా?"

"తనే చేస్తానంది."

"చేస్తానంటే చేయనిచ్చావా? రేపు అన్నం కూడా నీ బదులు తనే తింటానంటే సరేనంటావా?"

కొడుకు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"రేపు నీ పేరు కొట్టేస్తున్నారు. ఈ గంట ఒక్కటే నీకు మిగిలింది. లే."

"ఇప్పుడా? సగం పీరియడ్ అయిపోయింది. మధ్యలో పోతే అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వించుకునే పని చేసినవాడివి నువ్వే."

మాస్టారు పుస్తకం మీది కప్పును రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టారు. అట్ట మీది మరకను తన రుమాలుతో తుడిచి, ఆ రుమాలును మళ్ళీ జేబులో పెట్టుకోవడానికి మనసొప్పక అక్కడే చెత్తబుట్టలో పడేశారు. పుస్తకం కొడుకు చేతికిచ్చారు.

రోడ్డు దాటి, మెట్లెక్కి, పొడుగాటి వరండా వెంట నడిచారు. కొడుకు ముందు, తండ్రి వెనుక. పారిపోయిన ఖైదీని పట్టి తెస్తున్న జవానులా ఉంది తన వాలకం అని మాస్టారికే తోచింది. అదీ అసహ్యంగానే ఉంది.

చివరి గదిలో ఎవరో పాఠం చదువుతున్నారు. గుమ్మం ఇంకా పది అడుగులుందనగా మాస్టారు స్తంభం చాటున ఆగిపోయారు. లోపలివారి కంట పడి, కొడుకును అంతకన్నా చిన్నబుచ్చడం ఆయనకు ఇష్టం లేదు.

"వెళ్ళు," అన్నారు.

కొడుకు ముఖం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, బెంచీల చప్పుడుతో గది గదంతా ఒక్కసారిగా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అంది.