బోర్డు మీద ప్రమాణం

ఆమె నంబరు తిప్పింది. మోగకముందే పెట్టేసింది. అలా మూడుసార్లయింది.

గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఇక్కడి నాలుగింటికి సముద్రం అవతల ఒక ఆసుపత్రిలో చెల్లెలికి గుండె ఆపరేషను. "లోపలికి తీసుకెళ్లేముందు ఒక్కసారి నీ గొంతు వినాలక్కా" అని ఉత్తరం రాసింది.

ఆ గొంతు ఇరవై రెండేళ్లుగా ఎవరెవరినో కలుపుతూ వచ్చింది. విదేశీ కాల్స్ కలిపే సర్కారు ఎక్స్ఛేంజిలో ఆమె ఆపరేటరు. ఇప్పుడు అక్కడ ప్లగ్గులు గుచ్చి కాల్స్ కలిపే బోర్డు ముందు కుర్చీలన్నీ ఖాళీ. సమ్మె మొదలై పదకొండు రోజులు.

వెనకవీధిలో ప్రైవేటు కంపెనీ వెలిసింది. వాళ్లూ విదేశాలకు కాల్స్ కలుపుతారు, సగం ధరకే. "వాడి లైసెన్సు రద్దు చేసేదాకా ప్లగ్గు ముట్టుకోం" అన్నాడు పెద్దన్న. ఆయన యూనియన్ నాయకుడు. ఆమెకు పని నేర్పిన మనిషి. బోర్డు మీద చేతులు పెట్టించి అందరిచేతా ప్రమాణం చేయించాడు. ఎవరింట్లో ఏం జరిగినా ప్రైవేటు లైను వాడకూడదు.

పిచ్చుక ఆ లైను వాడింది. గలగలా వాగుతుందని తోటి ఆపరేటరుకు వాళ్లు పెట్టుకున్న పేరది. పెద్దన్న ఆమెను యూనియన్‌లోంచి వెలేశాడు. అందరితోపాటు ఈమె కూడా మొహం తిప్పుకుంది.

ఈ ఉదయం పెద్దన్న ఇంటికొచ్చాడు. చెవిమీది పెన్సిలు తీసి బల్లమీద రెండుసార్లు కొట్టాడు. టక్ టక్. కాల్ కలిపేముందు బోర్డు మీద అలా కొట్టడం ఆయన అలవాటు. ఇంట్లో మాట మొదలుపెట్టాలన్నా అంతే.

"అన్నా, నాలుగింటికి చెల్లికి ఆపరేషను. ఒక్క కాల్. మన బోర్డు మీదే. నేనే వెళ్లి కలుపుకుంటా."

"నీకు తలుపు తీస్తే రేపు నలభైమంది నిలబడతారు తల్లీ."

"నా చేతుల్లో పెరిగిన పిల్లన్నా అది."

"నాకు తెలీదూ? కానీ నువ్వు జారితే మిగతావాళ్లను నేను ఆపలేను."

"మనం మూసేశాక జనమంతా వాడి దగ్గరే క్యూ కడుతున్నారు కదన్నా?"

"కట్టనీ. వాడి దగ్గర పని తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇంకో వారం బిగబట్టి కూర్చుంటే దుకాణం సర్దేస్తాడు."

ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

"గొంతేమైందన్నా?"

"మధ్యాహ్నం కూర్చుంటే పొద్దుపోయేదాకా చర్చలే తల్లీ. మాట్లాడీ మాట్లాడీ ఇలా అయింది. ఇవాళా వెళ్లాలి."

ఆయన అటు వెళ్లగానే పిచ్చుక వచ్చింది. గుమ్మం దాటలేదు. చీటీ చాపింది.

"ఆ కంపెనీ నంబరు. నన్ను తిట్టిన నోటితోనే మాట్లాడక్కా, అరిగిపోదులే."

ఇప్పుడా చీటీ చెమటకు మెత్తబడింది. మూడున్నర.

ఆమె నాలుగోసారి తిప్పింది. రుమాలు మడిచి రిసీవరుకు అడ్డం పెట్టుకుంది. ఆపరేటర్లు మొహాలు మరిచిపోతారు, గొంతులు మరవరు. మనవాళ్లలో ఎవడైనా వాడికి అమ్ముడుపోయి అక్కడ కూర్చున్నాడేమో. వెళ్లి పెద్దన్నకు చెప్పేస్తాడేమో.

"నంబరు?" అవతల ఎవరో గుసగుసగా అడిగారు.

ముక్కుతో, ముసలమ్మలా చెప్పింది. దేశం, ఊరు, ఆసుపత్రి నంబరు. చివరి అంకె దగ్గర ముసలి గొంతు తప్పి అసలు గొంతు బయటపడింది. పెద్దన్న మొహం కళ్లముందు మెదిలింది. పని నేర్పిన మనిషికి ఇంత ద్రోహం చేస్తాననుకోలేదు. సిగ్గుతో కళ్లు మూసుకుంది.



అవతల టక్ టక్‌మని రెండు దెబ్బలు వినిపించాయి, "చెల్లికి నాలుగింటికే కదా, ఇంకా టైముంది, భయపడకు తల్లీ, కలుపుతున్నా" అంది బొంగురు గొంతు.