జానెడు బట్ట

అమావాస్య నాడు నేతపని ఉండదు. మగ్గం ఖాళీగా దొరుకుతుందని మంగళగిరిలో సాంబమూర్తి మగ్గాన్ని రేణుక ఆ రోజే స్కాన్ చేసింది. వీఆర్ అద్దాలు పెట్టుకుంటే అచ్చంగా మగ్గం ముందు నిలబడ్డట్టే ఉండాలన్నది ఆమె పరిశోధన. మర్నాడే సాంబమూర్తి పడిపోయాడు. విజయవాడ ఆసుపత్రిలో ఇంకా స్పృహ రాలేదు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది.

నాలుగో రాత్రి, కొలతలు సరిచూడ్డానికి వచ్చి రేణుక అద్దాలు పెట్టుకుంది. అందులో చీర దాదాపు పూర్తయింది. అద్దాలు తీసి చూస్తే మగ్గం మీద సగమే ఉంది. మళ్ళీ పెట్టుకునేసరికి ఇంకో బెత్తెడు పెరిగింది. ఆ స్కాన్‌లో శబ్దం లేదు. అయినా మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో ఎవరో తొక్కుతున్న చప్పుడు.

రేణుక అద్దాలు తీసేసరికి గుమ్మంలో సాంబమూర్తి భార్య భద్రమ్మ నిలబడి ఉంది.

"మీకూ వినబడుతోందా మామ్మగారూ?"

"మూడు రోజుల్నించీ ఇంటానే ఉన్నా. ఇంకెంత మిగిలిందమ్మా?"

"జానెడు."

భద్రమ్మ గడప మీద కూలబడింది.

"చీర అయిపోతే ఆయన ఒక్క నిమిషం గుంటలో కూర్చోడమ్మా, లేచెళ్ళిపోతాడు. నెమ్మదిగా నెయ్యమని చెప్పు."

రేణుక నోరు తెరిచేలోపే చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ అద్దాలు పెట్టుకుని మగ్గం వైపు చూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు.