కొత్త పాస్‌వర్డ్

పాస్‌వర్డ్ తప్పు అంది తెర. మళ్లీ కొట్టాడు హబీబుల్లా. మళ్లీ అదే మాట.

“మొన్న అప్‌గ్రేడ్ చేసిన కాడి నుంచి ఇదే వరస,” అన్నాడు క్వారీ మేనేజరు. “లోపలికి రానీయట్లేదు. మా క్లర్కు షబ్నం చూస్తే లీవు పెట్టి పోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు.”

ఆ ఆఫీసు కంప్యూటర్లో నడిచే లైనక్స్ తెలిసినవాళ్లు పిడుగురాళ్లలో ఇంకా ఉన్నారు. అయినా మేనేజరు అతన్నే పిలిచాడు. ఎందుకో కూడా దాచలేదు.

“మీ నాయన మీద పడ్డ మాట పోవాలంటే ఇది తెరుచుకోవాలయ్యా. కెమెరాల రికార్డంతా ఇందులోనే ఉంది.”

హబీబుల్లా తండ్రి జాన్ సాహెబ్ ఆ క్వారీలోనే ఏళ్ల తరబడి రాయి కొట్టాడు. పోయిన వారం అక్కడే పేలుడులో చనిపోయాడు. తాగి, తూలుకుంటూ పేల్చే చోటికి వెళ్లాడని ఊరంతా అనేసింది. జన్మలో చుక్క ముట్టని మనిషి. ఓదార్చడానికి వచ్చినవాళ్లు కూడా గుమ్మం దాటగానే గొంతు తగ్గించారు. చావు కన్నా ఆ గుసగుసలే హబీబుల్లాను ఎక్కువ కోశాయి.

కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

కీబోర్డు భాష మారిందేమో చూశాడు. మారలేదు. బొమ్మల్లేని నల్ల తెరలోకి వెళ్లి ప్రయత్నించాడు. అక్కడా రానివ్వలేదు. పాస్‌వర్డ్ అడగని రికవరీలోకి దిగాడు. డిస్కులో బోలెడు చోటుంది. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోలేదు, ఒక్క ఫైలూ చెడలేదు. ఇంత శుభ్రంగా ఉన్న సిస్టమ్‌కు రోగమేమిటో అంతుబట్టలేదు.

“ఏందయ్యా, అవుద్దా?”

“అవుద్ది సార్.”

పాత పాస్‌వర్డ్ తీసేశాడు. కొత్తదిగా తండ్రి పేరు పెట్టాడు. మళ్లీ ఆన్ చేసి ఆ అక్షరాలు కొట్టాడు.

తెర తెరుచుకుంది. కెమెరా ఫోల్డరు ఎదురుగానే ఉంది.

అతని చెయ్యి మౌసు మీదికి పోయింది. మేనేజరు ఆ చేతిని మెత్తగా పట్టుకున్నాడు.

“వద్దు బాబూ. కన్నకొడుకు చూడాల్సింది కాదది. సాయంత్రం పోలీసోళ్లు వస్తారు, వాళ్లకే చూపిద్దాం. పాస్‌వర్డ్ చెప్పి, నువ్వు పోయి మీ అమ్మ కాడ ఉండు.”

తండ్రి పోయాక అంత ఆదరంగా ఎవరూ మాట్లాడలేదు. హబీబుల్లా కళ్లు తుడుచుకుని, పాస్‌వర్డ్ చెప్పి బయటికొచ్చాడు.

గేటు దగ్గర బస్సు దిగి షబ్నం పరుగున వస్తోంది.

“ఇంక దిగులు లేదమ్మా షబ్నం! అప్‌గ్రేడ్ కొట్టిన దెబ్బకు తలుపు మూసుకుంటే నేనే తెరిచా. అబ్బా గురించిన నిజం బయటపడుద్ది.”

ఆమె ఉన్నచోటే నిలిచిపోయింది. ఆఫీసు కిటికీ వైపు చూసింది.

“అప్‌గ్రేడ్‌లో తప్పేం లేదు భాయ్,” అంది, “హెచ్చరిక ఈల వెయ్యకుండానే పేల్చింది కనపడే ఆ వీడియోని మేనేజరు చెరిపెయ్యకుండా, నరసరావుపేట పోయి పోలీసుల్ని పిలిచి వచ్చేదాకా దాన్ని కాపాడాలని పాస్‌వర్డ్ మార్చింది నేనే.”