తీసేసిన పేరు

విశ్వవిద్యాలయంలో పరిశోధన పత్రాలన్నీ గ్రంథాలయం కంప్యూటరులో ఉంటాయి. పొద్దుగూకితే పరాయి గ్రంథాలయాల కంప్యూటర్లు ఒక్కొక్కటే నెట్‌లో వచ్చి, కొత్తగా ఏముందని అడిగి పోతాయి. ఇక్కడ ఏదైనా తీసేశామని రాసి ఉంటే, తమ దగ్గరా తీసేస్తాయి. అందరూ కలిసి ఒప్పుకున్న పద్ధతి అది.

ఆ రాత్రి అక్కడి ఆపరేటరు, తన బావ రాసిన పత్రం రెండుసార్లు ఎక్కిందని ఒకటి తీయబోయాడు. కునికిపాట్లలో పత్రాన్ని వదిలేసి, రాసిన మనిషినే తీసేశాడు. నాలిక కరుచుకునేలోపే కంప్యూటరు పెట్టెలో టిక్కుమంది. పరాయి కంప్యూటరు ఒకటి వచ్చి వెళ్ళింది.

భయంభయంగానే అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ ఉన్నాడా? చిన్న పొరపాటు చేశా. రేపు నన్ను నమిలేస్తాడు."

"పడుకున్నాడ్రా. ఆ గురక వినపడట్లా?"

వినపడింది. ఇంతలో పెట్టె మళ్ళీ టిక్కుమంది. గురక ఆగిపోయింది.

"అక్కా, బావను లేపవే!"

"ఏ బావరా?" అక్క ఆవులించింది. "నాకు పెళ్ళి కాలేదని ఎగతాళా? అర్ధరాత్రి నీకిదో సరదా. పడుకో, వెధవా!"

ఫోన్ పెట్టేసింది.

తీసేసిన మనిషిని మళ్ళీ చేర్చడం చిటికెలో పని. పేరు కొడితే చాలు. తెర మీద పేరుండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఆపరేటరు కీబోర్డు మీద వేళ్ళు పెట్టాడు. ఇన్నేళ్ళూ నోరారా పిలిచింది బావా అనే. అంతకుమించి ఒక్క అక్షరం కూడా తలపుకు రావడం లేదు.

మళ్ళీ టిక్కుమంటే ఆ పిలుపు కూడా పోతుందేమోనని, పెట్టె వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు.